తుఫానుకి ధ్రువీకరించిన చీర

మా ఆవిడ ఊళ్ళో లేనప్పుడు నేను ఆవిడ చీర కట్టుకుని గేదెల పాలు పితుకుతానండి. ఆయ్. ఇందులో దాచేదేముంది?

గేదెకి చెయ్యి అలవాటండి. రోజూ పితికే చెయ్యి కాకుండా వేరే చెయ్యి పడిందంటే చేపదు. పాలన్నీ పొదుగులోనే బిగబట్టుకుని, నువ్వెవడివిరా అన్నట్టు చూసి, బుద్ధి పుడితే ఓ తన్ను తంతుంది. మా పన్నెండు గేదెలూ మా ఆవిడ భ్రమరాంబ చెయ్యి మరిగినవే. అందులో పెద్దది రాజ్యం ఉందే, దానికి భ్రమరాంబ కట్టే చిలకపచ్చ నేతచీర వాసన తగిలితేనే గానీ చుక్క రాలదు. అందుకని ఇంటావిడ పుట్టింటికెళ్తే మగాడు ఆ చీర చుట్టుకుని, నెత్తిన కొంగేసుకుని, నోరు మూసుకుని పితుకుతాడు. మా లంకలో ఎవరూ నవ్వరు. పొద్దున్నే మగాడు చీరలో కనపడితే "ఏరా, మీ ఆవిడ ఊరెళ్ళిందా?" అంటారు, అంతే.

మాకు పొలం లేదు, కొబ్బరితోట లేదు. ఉన్నవి ఆ పన్నెండు గేదెలే. సముద్రం కూతవేటు దూరం. ఏ కార్తీకంలోనో ఓ తుఫాను వచ్చి వాటిని ఎత్తుకుపోయిందంటే ఇంక మేం కూడా వాటి వెనకాలే నడిచెళ్ళిపోవాలి. అందుకే గవర్నమెంటువారు మెరక మీద తుఫాను షెల్టరు కట్టి, గేదెలు ఎక్కడానికి వీలుగా ఏటవాలు దారి కూడా పోస్తే, నేనూ భ్రమరాంబా వెళ్ళి గుమ్మానికి పసుపు రాసి దణ్ణం పెట్టుకొచ్చాం.

కిందటి భాద్రపదంలో ఓ వాయుగుండం వచ్చిందండి. తుఫాను కాదు, దాని మేనల్లుడనుకోండి. రాత్రంతా గాలి ఊళపెట్టి, తెల్లారేసరికి వెళ్ళిపోయింది. గేదెలు బెదిరిపోయి ఊళ్ళో ఒక్కటి చేపితే ఒట్టు. భ్రమరాంబ అప్పటికి రాజోలులో ఉంది, వాళ్ళమ్మకి కంటి ఆపరేషను. నేను చీర కట్టుకుని రాజ్యం కింద కూర్చున్నాను. బకెట్టు నురగలు కడుతోంది. సరిగ్గా అప్పుడే తెల్ల జీపు ఆగింది.

పశువుల శాఖ జాయింట్ డైరెక్టరు సచ్చిదానందం గారండి. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బురదలో కొంగలా అడుగులేసుకుంటూ వచ్చారు.

"ఏమయ్యా, ఈ ప్రాంతంలోని యావత్ పశుసంపద భయాందోళనలకు గురై పాల దిగుబడిని నిలిపివేసినట్లు క్షేత్రస్థాయి సమాచారం. మీ గేదె మాత్రం యథాతథంగా ఇస్తున్నదే! కారణం?"

"చీరండి," అన్నాను.

మా ఆవిడ రాజోలెళ్ళిందండి, అని మొదలెట్టి ఉంటే ఏ గొడవా లేకపోను. ఒక్క ముక్కలో తేల్చేశాను. నా నోరు పడిపోను!

ఆయన ఓ అడుగు వెనక్కేశారు. నన్ను నఖశిఖపర్యంతం చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మాతృసమాన వస్త్రం!" అన్నారు డ్రైవరుతో. "విపత్తును పశువు తట్టుకొనుటకును, తదనంతరం కోలుకొనుటకును! ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో వెతికాం."

"అలాక్కాదు బాబూ, మా ఆవిడ..."

"మీ ఆవిడ గారి సహకారాన్ని కూడా నివేదికలో సముచితంగా ప్రస్తావిస్తాం," అని ఫోటో తీయించారు. రాజ్యం మాత్రం ఫోటోకి బాగా నిలబడింది.

సంగతేమిటంటే, వాతావరణాన్ని తట్టుకునే పాడి అని పైనుంచి ఓ ఊపు వచ్చిందటండి ఆ ఏడు. ప్రతి జిల్లావారూ ఏదో ఒక కొత్త పద్ధతి చూపించాలట. మా జిల్లాలో చూపించడానికి ఏమీ లేదట. ఇప్పుడు నేనున్నాను. పక్షం తిరక్కుండా "పశుస్థైర్య మిషన్" అని బోర్డు లేచింది. బోర్డు మీద చీరలో నేను, పక్కన రాజ్యం. రాజోలు బస్టాండులో ఆ బోర్డు చూసి మా అత్తగారు, ఆపరేషను చేసిన కన్నే సరిగ్గా కనపడటం లేదేమో అని డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళిందట.

కల్యాణమండపంలో ఏసీ వేసి శిక్షణ పెట్టారు. శిక్షణ ఇవ్వడానికి నీహారిక గారని ఓ కన్సల్టెంటమ్మ పట్నం నుంచి వచ్చింది. మంచి పిల్లండి, కల్లాకపటం లేదు. జీన్సు ప్యాంటులో నిలబడి తెర మీద బొమ్మలు చూపిస్తూ, మీసాలోళ్ళందరికీ చీర కట్టడం నేర్పింది.

"కుచ్చిళ్ళు ఖచ్చితంగా ఏడు ఉండాలి. తూర్పుగాలి వీస్తే కొంగు ఎడమ నడుముకి, పడమటిగాలి అయితే కుడి నడుముకి దోపుకోవాలి. గాలి దిశ తెలియనప్పుడు జిల్లా కేంద్రాన్ని సంప్రదించాలి."

మా తాతబ్బాయి లేచాడు. నలభై దాటినా పెళ్ళికానివాడు, లుంగీలోనే పితుకుతాడు.

"అమ్మా, నాకు ఆవిడ లేదండి. ఎవరి చీర కట్టుకోనూ?"

సచ్చిదానందం గారు మైకు తీసుకున్నారు. "అవివాహిత పాడిరైతుల విషయమై ప్రత్యేక మార్గదర్శకాలు త్వరలో జారీ చేయబడతాయి. అంతవరకు సదరు రైతులు వివాహ ప్రయత్నాలను ముమ్మరం చేయాల్సిందిగా కోరడమైనది."

"నా గేదెలకి లుంగీ అలవాటండి బాబూ!"

"అలవాటు మాన్పించడానికే శిక్షణ."

తర్వాత మంగాయమ్మ లేచింది. ఆవిడ మా ఊళ్ళో అందరికంటే పాతకాపు. "బాబూ, నేను పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ చీరే కట్టుకుంటున్నాను. నేను ఇంటికెళ్ళిపోవచ్చా?"

"శిక్షణ పొందకుండా కట్టుకున్నారు," అంది నీహారిక గారు, పాపం బాధపడుతూనే. "అది పరిగణనలోకి రాదండీ." మంగాయమ్మకి పరీక్ష పెట్టారు. కుచ్చిళ్ళు తొమ్మిది వచ్చాయని ఫెయిలు చేశారు. తాతబ్బాయి మొదటిసారే ప్యాసయ్యాడు.

లారీలో చీరలు దిగాయి. అచ్చం భ్రమరాంబ చీర రంగే. కొంగు మీద మాత్రం గొడుగు కింద గేదె బొమ్మ. కొత్త గంజి చీరలండి, నడిస్తే ఫెళఫెళమని ఆ చప్పుడూ. గేదెలు ఆ చప్పుడుకే కట్లు తెంపుకున్నాయి. తాతబ్బాయి గేదెలైతే తోకలెత్తి కాలవలో దూకి, వాడు లుంగీ కట్టుకుని బతిమాలితే గానీ పైకి రాలేదు.

రైతులకి పట్టుదల చాలదని సచ్చిదానందం గారు స్వయంగా కొత్తచీర కట్టుకుని మా రాజ్యం కింద కూర్చున్నారు. రాజ్యం మర్యాదస్తురాలండి, వెంటనే తన్నలేదు. ఓసారి వాసన చూసింది. అప్పుడు తన్నింది. ఆయన గడ్డివాములోంచి లేచి, నోట్లోంచి గడ్డి తీసేసుకుని, "స్పందన ప్రతికూలంగా ఉన్నది. కారణాలను విశ్లేషించాలి," అన్నారు.

"వాసనండి బాబూ. ఈ చీరలకి మా ఆవిడ వాసన లేదు కదండీ," అన్నాను. చూశారా, మళ్ళీ! ఎన్ని దెబ్బలు తిన్నా బుద్ధి రాని నోరండి ఇది.

భ్రమరాంబ రాజోలు నుంచి దిగేసరికి మా వాకిట్లో చీరల బేళ్ళు ఇంటి చూరుని అంటుతున్నాయి. జిల్లాకి సరఫరా అయ్యే ప్రతి చీరనీ యర్రంశెట్టి భ్రమరాంబ గారు ధరించి వాసన ధ్రువీకరించవలెను, అని ఉత్తర్వు. నేను వాకిట్లో నిలబడి నేలచూపులు చూస్తున్నాను.

"నన్నొక్క మాటడక్కుండా నా వాసన గవర్నమెంటుకి రాసిచ్చేశారా?" అంది.

"రాసివ్వలేదే. మాటజారాను."

"మాటజారితే చీరలు ఇలా బేళ్ళకి బేళ్ళు దిగుతాయా? ఉండండి, మీ పని చెప్తా!"

మా ఆవిడకి కోపం వస్తే రాజ్యం కూడా తోక ఆడించదండి. కానీ కొత్తచీర చూశాక ఏ ఆడమనిషి కోపమైనా ఎంతసేపుంటుంది చెప్పండి. మొదటి చీర నవ్వుతూనే కట్టుకుంది. రెండోదీ బాగానే ఉంది. రోజుకొకటి చొప్పున అయితే ఆవిడ మనవలు కూడా కడుతూనే ఉండాలని ఎవరో లెక్కతేల్చారు. దాంతో ఒకేసారి అయిదేసి కట్టుకోవచ్చని సడలింపు ఇచ్చారు. ఆ ఉక్కలో అయిదు చీరల్లో భ్రమరాంబ పీటమీద కూర్చుని చెమటలు కక్కుతుంటే, నేను విసనకర్రతో విసిరేవాణ్ణి. విసరకూడదు, వాసన పోతుందని ఆ విసనకర్ర కూడా తీసేసుకున్నారు. సాయంత్రానికి ఓ అధికారి వచ్చి ఒక్కో చీరా మూచూసి, సంతకం పెట్టి పంపేవాడు. పాపం ఆయనకి పడిశం. ఏ చీర అయినా ఒకటే.

భ్రమరాంబ పాత చిలకపచ్చ చీరని "ప్రామాణిక నమూనా" అని సచ్చిదానందం గారే పట్టుకుపోయారు. బీరువాలో మిగతా పాత చీరలు కూడా అదనపు నమూనాలని మూటకట్టేశారు. మా ఆవిడకి కట్టుబట్ట మిగల్లేదంటే నమ్మండి, నైటీ మీద తువ్వాలేసుకుని తిరుగుతోంది. ధ్రువీకరించిన చీరలన్నీ వాసన పోకుండా తలుపులు బిగించి తాళం వేసే చోటు కావాలన్నారు. మా ఊళ్ళో అలాంటి కట్టడం ఒక్కటే ఉంది.

"బాబూ, ఆ షెల్టరు గేదెల కోసం కట్టిందండి," అన్నాను, ఈసారి ఆలోచించుకునే.

"గేదెల కోసమే కదయ్యా చీరలు!" అన్నారాయన.

అంతే మరి. బేళ్ళన్నీ షెల్టర్లోకి చేరాయి, తాళం పడింది.

కార్తీకం రానే వచ్చింది. దాంతోపాటు రానేవచ్చింది అసలుది. మేనల్లుడు కాదు, సాక్షాత్తూ మేనమామే. పొద్దున్నించీ సముద్రం హోరు మారిపోయింది. ఆకాశం కాకరకాయ రంగుకి తిరిగింది. షెల్టరుకి తాళం, తాళంచెవి జిల్లాలో. లంక మొత్తానికి మరో మెరక లేదు. పన్నెండు గేదెలూ గుంజలకి కట్టేసి ఉన్నాయి, అవి నా కళ్ళలోకి చూస్తుంటే నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

మధ్యాహ్నానికి మినీబస్సు దిగింది. లోపల్నించి ఒకరి తర్వాత ఒకరు పన్నెండుమంది అధికారులు, అందరూ చిలకపచ్చ చీరల్లో. పశువుకి ఒక అధికారి అని పథకం. ముందు సచ్చిదానందం గారు, భ్రమరాంబ పాత చీరలో, చేతిలో మైకుతో. బొడ్లో షెల్టరు తాళంచెవి. వెనక నీహారిక గారు రెయిన్‌కోటులో.

"అమ్మయ్య, వచ్చారా! రండి, కట్లు విప్పుదాం," అని భ్రమరాంబ పాకలోకి పరిగెట్టింది.

"ఆగండి! అనధికారిక దుస్తుల్లో పశువులను సమీపించడం నిబంధనలకు విరుద్ధం," అన్నారాయన మైకులో, రెండడుగుల దూరం నుంచి.

"నా గేదెలండీ!"

"కావచ్చమ్మా. కానీ చీర మిషన్‌ది."

ఉత్తర్వుల ప్రకారం తరలింపుకి ముందు కుచ్చిళ్ళు తనిఖీ చెయ్యాలి. నీహారిక గారు గాలికి ఊగిపోతూ ఒక్కొక్కరి కుచ్చిళ్ళూ లెక్కపెడుతోంది. అయిదో ఆయనకి ఆరే వచ్చాయి. మళ్ళీ కట్టుకోమన్నారు. గాలికి చీర విప్పితే ఆగుతుందాండి? గాలిపటంలా కొబ్బరిచెట్టెక్కి కూర్చుంది, పాపం ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టుకుని బస్సులోకి పరిగెట్టాడు. సచ్చిదానందం గారు తూర్పుగాలా పడమటిగాలా అని జిల్లా కేంద్రానికి ఫోను చేస్తున్నారు. కొంగు ఎగిరి ఆయన మొహానికే చుట్టుకుంది. అప్పుడే కాలవగట్టు మీంచి నీళ్ళు పాకలోకి జారడం నేను చూశాను.

"నీ కుచ్చిళ్ళు తగలెయ్యా!" అంది భ్రమరాంబ. చూరులోంచి కొడవలి లాగి, వరసగా పలుపులన్నీ పరపరా కోసేసింది. నేను ఉన్న చోటే నిలబడిపోయానండి. నాకు పెళ్ళయిన రోజున కూడా ఆవిడ అంత అందంగా కనపడలేదు.

వదిలేసిన గేదెల్ని చూశారు, పాదాల కింద నీళ్ళు చూశారు, అధికారులందరూ ఒక్కసారిగా కుచ్చిళ్ళు పైకెత్తి పరుగులంకించుకున్నారు. అందరికంటే ముందు సచ్చిదానందం గారు. రాజ్యానికి ఏం తెలుసండి పాపం. ఆ చిలకపచ్చ చీర ఎటు పోతే అటు పోవడమే దానికి తెలుసు. భ్రమరాంబ ఇవాళ ఎందుకో పరిగెడుతోంది, తనూ పరిగెట్టాలి. మోర ఎత్తి ఆయన వెనకాల దౌడు తీసింది. దాని వెనక మిగతా పదకొండూ, వాటిని చూసి ఊళ్ళో గేదెలన్నీనూ. ఆయన వెనక్కి తిరిగి చూసి ఇంకా వేగం పెంచారు. రాజ్యం కూడా పెంచింది.

"రాజ్యం! తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు ఆగు!" అని ఆయన అరవడం నేను నా చెవులతో విన్నాను.

పరిగెట్టడానికి ఉన్న మెరక ఒక్కటే కదా. ఏటవాలు దారెక్కి, బొడ్లోంచి తాళంచెవి లాగి, తలుపు తీసి లోపలికి దూరారు. తలుపు వేసేద్దామనుకున్నారు గానీ, అప్పటికే రాజ్యం తలకాయ లోపల ఉంది. ఆ వెనక గేదెలు, దూడలు, అధికారులు, మేము, తాతబ్బాయి, మంగాయమ్మ, ఊరు ఊరంతా. ఆఖర్న నీహారిక గారిని భ్రమరాంబ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మేం తలుపేసిన కాసేపటికే సముద్రం వచ్చి మా పాక ఉన్న చోటు మీంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

లోపల చీకట్లో తలకాయలు తడుముకుంటూ లెక్కపెట్టాను. పన్నెండూ ఉన్నాయి. ఏడుపొచ్చేసిందండి, సిగ్గెందుకు. రాజ్యం మెడ కావలించుకుని భోరుమన్నాను.

ఒక విచిత్రం చెప్పొద్దూ. బయట అంత ప్రళయం జరుగుతుంటే లోపల ఒక్క గేదె బెదర్లేదు. గోడల పొడుగునా బేళ్ళకి బేళ్ళు భ్రమరాంబ వాసన. తల్లి ఒళ్ళో ఉన్నట్టు పడుకుని నెమరేసుకున్నాయి, కొన్నయితే కొంగులు కూడా నమిలాయి. దూడలకి చలేస్తుంటే చీరలు కప్పాం. నేల జారుతుంటే చీరలు పరిచాం. ముసలాళ్ళకి ఉయ్యాలలు కట్టాం. పథకం పనిచేసిందండి! పనిచెయ్యలేదంటే కళ్ళు పోతాయి.

గాలి తగ్గాక అసలు చిక్కు వచ్చింది. పొదుగులు నిండి రాళ్ళలా అయిపోయాయి. అలా ఉంచేస్తే పొదుగువాపు వస్తుంది, గేదె దక్కినా పాడి దక్కదు. భ్రమరాంబ కూర్చుంది. ఉప్పునీళ్ళలో నానిన నైటీ, సముద్రం వాసన; బేళ్ళలో చీరలన్నీ అప్పటికే పేడలో నానిపోయాయి. రాజ్యం మూచూసి తల తిప్పేసుకుని సచ్చిదానందం గారి వైపు చూసింది.

"బాబూ, నా చీర నాకిచ్చేయండి," అంది భ్రమరాంబ.

ఆయన దీనంగా మొహం పెట్టారు. "అమ్మా, నా ప్యాంటు మినీబస్సులో ఉంది. మినీబస్సు ఎక్కడుందో మనకి తెలియదు."

"అయితే కూర్చోండి మరి."

కూర్చున్నారు. "బొటనవేలు మడవకండి. పైనుంచి జారుగా... ఆ గోళ్ళేంటి బాబూ, తగలకుండా చూడండి! ఏదైనా మాట్లాడండి, దాని చెవిన మాట పడాలి." ఆయనకి ఏం మాట్లాడాలో తోచక, "పై విషయమునకు సంబంధించి, తగు చర్య నిమిత్తం..." అని మొదలెట్టారు. రాజ్యం చెవులు వాల్చింది. చెంబులో సర్రుమని ధార పడింది.

"చేపిందండీ! వీరభద్రం గారూ, చేపింది!" అని నా వైపు తిరిగి అరిచారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తను గేదెని ముట్టుకోవడం ఇదే మొదటిసారట. కళ్ళజోడు లోపల కన్నీళ్ళు కారుతున్నాయి. దారులు తెగిపోయాయి, నీళ్ళు తీసేదాకా ఆయన మాతోనే ఉన్నారు. రెండు పూటలా రాజ్యం పాలు ఆయనే పితికారు. నేను పాక మళ్ళీ నిలబెడుతుంటే గుంజలు కూడా పట్టుకున్నారు. చివరికి పడవొచ్చింది. భ్రమరాంబ ఇచ్చిన నా లుంగీ కట్టుకుని, రాజ్యం గంగడోలు నిమిరి వెళ్ళిపోయారు. ప్రామాణిక నమూనాని మాత్రం మడతపెట్టి పట్టుకెళ్ళారు. అది ఇప్పుడు పెద్దాఫీసులో అద్దాలపెట్టెలో ఉందటండి, నాఫ్తలిన్ ఉండలేసి.

పోనీలెండి, గేదెలు దక్కాయి కదా అనుకున్నాం. మర్నాడు పొద్దున్న భ్రమరాంబ కొత్తచీర కట్టుకుని కూర్చుంది. పదకొండూ చేపాయి. రాజ్యం చేపలేదు. గేటు వైపు చూస్తూ నిలబడింది. ఆయన చెయ్యి మరిగిందండీ అది! బెల్లం పెట్టాం, తవుడు పెట్టాం, దిష్టి తీశాం. ఊహూఁ.

భ్రమరాంబ కాసేపు ఆలోచించింది. ఆయన మర్చిపోయిన కళ్ళజోడు చూరులోంచి తీసి పెట్టుకుంది. నా చొక్కా ఒకటి తొడుక్కుంది. పీటమీద కూర్చుని, గొంతు సవరించుకుని, "పై విషయమునకు సంబంధించి," అంది.

సర్రుమంది.

ఇప్పటికీ రాజ్యం దగ్గర అలాగే నడుస్తోంది. మొన్న పొద్దున్న మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "తగు చర్య నిమిత్తం" అంటూ పితుకుతుంటే గేటు దగ్గర తెల్ల జీపు ఆగింది. సచ్చిదానందం గారి స్థానంలో కొత్తగా వచ్చిన ఆయనట. వచ్చి బకెట్టు చూశారు, రాజ్యాన్ని చూశారు, చొక్కాలో భ్రమరాంబని చూశారు. ఆయన కళ్ళల్లో ఓ వెలుగు మొదలైంది. ఆ వెలుగు నాకు తెలుసండి.

"అంతటి విపత్తు నుంచి ఈ పశువు ఇంత త్వరితగతిన కోలుకొనుటకు కారణం?"

నా నోరు తెరుచుకుంది. భ్రమరాంబ కళ్ళజోడు పైనుంచి నావంక ఒక్క చూపు చూసింది. మింగేశాను.

"అంతా దేవుడి దయండి," అన్నాను.

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఆయన తలూపి, పక్కనున్న గుమాస్తా వైపు తిరిగారు.

"రాసుకోవయ్యా, దేవుడి దయ. జిల్లా మొత్తానికి ఎంత కావాలో అంచనా వెయ్యి. సరఫరాదారు ఎవరో ఈయన్నడుగు."